ఏడో లాకులో ఏమీ జరగలేదు

బహుళ ద్వాదశి

పొద్దున్నే ఎండపలకల మీద ఉప్పు తుడిచాను. గట్టు మీద బతికే మనిషికి మొదటి పని తన మొహం కడుక్కోవడం కాదు, పలకల మొహం కడగడం. పలక మాసిపోతే కుండ మరగదు. కుండ మరగకపోతే ఉప్పునీరు మంచినీరు కాదు. మంచినీరు లేకపోతే టీ లేదు. టీ పడని బుల్లబ్బాయి ఎందుకూ కొరగాడని గట్టంతా ఎరుగుదురు. డెబ్బై దాటినా నా పేరు బుల్లబ్బాయే. పేరు పెట్టినవాళ్ళు నేను ఇంతకాలం బతుకుతానని ఊహించి ఉండరు.

తుడుస్తుండగా కచేరీ మైకు మోగింది. లాకు మనుషులందరూ ఇంటర్వ్యూకు రావాలట. కొత్త ఉద్యోగానికి కాదు, ఇన్నాళ్ళూ చేస్తున్న ఉద్యోగానికే. రోజూ పోటుకు తలుపులు దించి, ఆటుకు ఎత్తేవాళ్ళు, తాము ఆ పని చేయగలమని ఇప్పుడు కూర్చుని చెప్పాలి. "అభ్యర్థులు తమ నైపుణ్యాలను తామే ప్రభావవంతంగా సమర్పించుకోవలెను" అని మైకు రెండుసార్లు చెప్పింది. మొదటిసారి ఎవరికీ అర్థం కాలేదు. రెండోసారీ కాలేదు గానీ భయం వేసింది.

గేదెలూ నేలా ఉన్న రోజుల్లో నేను గేదెల బేరాలు చూశాను. కొనేవాడు పళ్ళు చూసేవాడు, పొదుగు పిండి చూసేవాడు, నాలుగడుగులు నడిపించి చూసేవాడు. "నీ పాల గురించి నువ్వే రెండు ముక్కలు చెప్పుకో" అని గేదెను అడిగిన వెర్రివాడు నాకు తగల్లేదు. ఆ వెర్రి మనుషుల దగ్గరికొచ్చేసరికి పద్ధతి అయింది.

అడిగేది కూడా మనిషి కాదు. కచేరీ గోడలో జల్లెడలాంటి గుండ్రటి రేకు ఒకటి ఉంటుంది. దాన్ని మేం పెద్దచెవి అంటాం. దానికి కళ్ళు లేవు, కాళ్ళు లేవు. వింటుంది, విన్నది మరవదు, విన్నదల్లా నమ్ముతుంది. ఈ మూడు గుణాలూ ఉన్న మనిషి అయితే ఊళ్ళో అప్పులిచ్చి మునిగిపోయేవాడు. యంత్రం గనక అధికారి అయింది.

దాన్ని తిట్టుకుంటూనే దానిమీద బతుకుతున్నాను. టార్పాలిన్ కింద బెంచీ వేసి, ఇంటర్వ్యూలో మాట్లాడడం ఎలాగో నేర్పుతాను. నేను బడికి పోలేదు. నీళ్ళలో కొట్టుకొచ్చిన పుస్తకాలు ఎండబెట్టుకుని చదువుకున్నాను. అందుకే నా చదువులో అక్కడక్కడా పేజీలు అతుక్కుపోయి ఉంటాయి. ఫీజు ఎండురొయ్యలు. ఈ మైకు పుణ్యమా అని ఈ పక్షం రోజులూ రొయ్యలకు లోటుండదు.

చతుర్దశి

ఏడో లాకు నూకాలు వచ్చింది. వస్తూనే కూర్చోలేదు. బెంచీ కోడు పట్టుకుని ఊపి చూసి, "ఇది రేపో మాపో ఇరుగుద్ది బాబాయ్" అంది. ఆమెకు పలకరింపంటే అదే. ఎవరింటికెళ్ళినా గోడ పగులో, పడవ చిల్లో ముందు పట్టుకుంటుంది. తనంత పనిమంతురాలు గట్టు మీద లేదని ఆమె నమ్మకం. ఆ నమ్మకాన్ని దాచుకోదు కూడా. అందుకని శుభకార్యాలకు ఆమెను పిలవడానికి జంకుతారు. తలుపు బిగుసుకుపోతే మాత్రం పరిగెత్తుకెళ్ళి పిలుస్తారు.

"ఏడో లాకుకి అబ్బులు కూడా కాయితం ఎట్టాడంట" అంది.

"పెడితే?"

"ఎడితేనా? ఆడి సేతికి లాకొత్తే నా ఇల్లు పోద్ది, అదలా ఉంచు. ఏడు దిగువన ఎవరి కొంపలున్నాయో సూసుకున్నావా? నీదీ ఉంది."

ఉంది. నా టార్పాలిన్, కుండ, బెంచీ, ఎండబెట్టిన పుస్తకాలు, అన్నీ ఏడో లాకు దిగువనే. సముద్రం మా నెత్తికంటే ఎత్తున ఉంటుంది. మధ్యన ఉన్నది నూకాలు తలుపులు.

అబ్బులు సంగతి చెప్పకపోతే ఈమె కోపం అర్థం కాదు. వాడు తొమ్మిదో లాకు మనిషి. గొలుసుకు గ్రీజు పెట్టడం బద్ధకం. ఒక పోటుకు తలుపు సగంలో బిగుసుకుపోయి, సంత మునిగింది. అబ్బులు నీళ్ళలో దూకి ఒక మేకను చంకన పెట్టుకుని ఈదుకొచ్చాడు. తర్వాత గ్రేడు ఇంటర్వ్యూలో ఆ మేక సంగతి చెప్పాడు. ఎదురైన ప్రమాదం వరద, చేసిన సాహసం ఈత, వచ్చిన ఫలితం మేక. పెద్దచెవి వాడికి పై గ్రేడు ఇచ్చింది.

"తలుపెందుకు దిగలేదని అడగలేదేటి?" అంది నూకాలు.

"ఆ ప్రశ్న వాళ్ళ దగ్గర లేదు."

నూకాలు కష్టం మరొకటి. గట్టు మీద ఒక కట్టడి ఉంది. చల్లగా దాటిపోయిన పోటు ఊసు మళ్ళీ ఎత్తకూడదు. ఎత్తితే పోయిన నీరు తనను పిలిచారనుకుని వెనక్కి చూస్తుంది. ఊళ్ళోకి వచ్చేసిన పోటు గురించి ఎంతైనా చెప్పుకోవచ్చు, ఇంక పిలిచేదేముంది గనక. అంచేత తలుపులు పాడుచేసినవాడికి చెప్పుకోవడానికి బోలెడు ఉంటుంది. కాపాడినవాడు నోరు కట్టుకోవాలి. జరగని పోటు గురించి మాత్రం కట్టడేమీ లేదు. నా కొట్టు ఆ సందులోనే పెట్టాను.

"నీకో తిమింగలాన్ని కడతాను" అన్నాను. "తలుపుకు అడ్డం పడింది. నువ్వు గెడకర్ర పుచ్చుకుని..."

"నా తలుపు మీదకి తిమింగలమా? అది అంతదాకా వత్తుంటే నేనేం పీకుతున్నానని అడగరా?"

"అడగరు. అదే ఇందులో సుఖం."

అమావాస్య

నూకాలుకు శిక్షణ. పెద్దచెవి బదులు నేను జల్లెడ మొహానికి అడ్డం పెట్టుకుని ప్రశ్నలు అడిగాను.

"మీ బలహీనత ఏమిటి?"

"మోకాలు."

"అలా కాదు. 'పని పూర్తయ్యేదాకా నాకు నిద్ర పట్టదు' అనాలి. బలహీనత అడిగితే బలమే చెప్పాలి, కొంచెం సిగ్గుపడుతున్నట్టు."

"మరి బలం అడిగితే మోకాలు సెప్పాలా?"

జల్లెడ దించి ఆమె మొహం చూశాను. వెటకారం కాదు, తెలుసుకుందామనే అడిగింది. ముందుకు పోయాను.

"ఐదేళ్ళ తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు?"

"లాకు మీదే. ఎక్కడికి పోతానూ, సుట్టూ సముద్రం ఎట్టుకుని?"

"మిమ్మల్నే ఎందుకు తీసుకోవాలి?"

"నేను లేకపోతే సత్తారు గనక."

నిజానికి అది మంచి జవాబు. నా ఎరుకలో అంతకన్నా మంచి జవాబు ఎవరూ చెప్పలేదు. కానీ మంచి జవాబుకు మార్కులుండవు, పొడుగు జవాబుకు ఉంటాయి. పొడుగు చెయ్యమన్నాను. "నేను లేకపోతే అందరూ సత్తారు గనక" అంది.

తిమింగలం కథ బట్టీ పట్టించాను. పాఠం అప్పగించేటప్పుడు ఆమె చేతులు ఊరికే ఉండవు. కథ సగంలో ఉండగానే నా బెంచీ కోడు బిగించేసింది.

శుద్ధ తదియ

నా దగ్గర నేర్చుకున్నవాళ్ళందరూ నెగ్గారు. మూడో లాకతను తిమింగలాన్ని తోలాడు. ఐదో లాకావిడ పగిలిన తలుపుకు వీపు ఆనించి ఆటు దాకా నిలబడింది. ఎనిమిదో లాకతను జీవితంలో దోమను కూడా కొట్టి ఎరగడు, సుడిగుండంలో దిగి గొలుసు ముడేశాడు. అందరి కథల్లోనూ నేను ఒక వాక్యం వేస్తాను: "అప్పుడు గాలి అత్తగారిలా వచ్చి తలుపు తట్టింది." అందులో ఒక తూగు ఉంది. బాగున్న వాక్యాన్ని మార్చడం బద్ధకం కంటే పెద్ద తప్పని నా అభిప్రాయం.

ఇంటర్వ్యూ గదిలో పెద్దచెవి పక్కన ఇందుమతిగారని ఒక ఆఫీసరమ్మ కూర్చుంటుంది. సముద్రం అందని మెట్ట మీది మనిషి. ఎండిపోయిన గట్టు మీద కూడా రబ్బరు బూట్లు తొడుక్కుని తిరుగుతుంది. అడిగేది రేకు, తీర్పు చెప్పేది రేకు. ఆవిడ తల ఊపుతుంది. తల ఊపడానికి చదువు కావాలి కాబోలు.

నూకాలు ఇంటర్వ్యూ అష్టమికి పడింది. ఆ రోజు పోటు జోరు ఉండదు గనక లాకు విడిచి రావడానికి ఆమె అదే అడిగి పెట్టించుకుంది.

పంచమి

కొంప మునిగింది. ఊరికే అనే మాట కాదు ఇది.

పెద్దచెవి లాకు మనుషులు చెప్పిన సాహసాలన్నీ ఒకచోట చేర్చి కూడింది. ఇన్ని తిమింగలాలు, ఇన్ని పగుళ్ళు, ఇన్ని సుడిగుండాలు. కూడిక చూసుకుని దానికి గట్టు మీద నమ్మకం పోయింది. సాయంత్రం కచేరీ ముందు ఇందుమతిగారు ఆజ్ఞ చదివింది. ఈ గట్టు నివాసానికి పనికిరాదు. పౌర్ణమిలోగా అందరినీ మెట్ట మీది రేకుల షెడ్లకు తరలిస్తారు. ఆ తర్వాత లాకు తలుపులు ఎత్తి వదిలేస్తారు.

ఎత్తి వదిలేస్తే పౌర్ణమి పోటు మా ఇళ్ళ మీదుగా నడుస్తుంది. తర్వాత ఇళ్ళుండవు.

జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "అవి అబద్ధాలండి" అంటే ఉద్యోగం పోతుంది. "గట్టు బాగానే ఉందండి, మొన్నటి పోటు చల్లగా దాటింది" అందామంటే కట్టడి అడ్డం. అబద్ధం వెనక్కి తీసుకోలేరు, నిజం పైకి చెప్పలేరు. ఇలాంటి ఇరుకులో పడడం మా గట్టువాళ్ళకే చెల్లింది.

"ఇంకా ఒక నివేదన మిగిలి ఉంది" అంది రేకు. "ఏడో లాకు అభ్యర్థిని విన్న తర్వాత ఆజ్ఞ ఖాయం చేస్తాం."

నూకాలు నా వైపు తిరిగి, అందరూ వినేలాగే అంది, "నీ రొయ్యలు తగలెయ్య, బాబాయ్."

అష్టమి

నూకాలుకు తోడుగా నేను లోపలికి వెళ్ళాను. వెంట ఒక మనిషి ఉండొచ్చని నియమం. అబ్బులు కూడా పోటీదారు గనక గోడ పక్కన బల్ల మీద కూర్చున్నాడు. కిటికీల నిండా లాకు మనుషుల తలకాయలు.

"అభ్యర్థి నూకాలుగారూ, మీరు ఎదుర్కొన్న ఒక తీవ్రమైన ప్రమాదాన్ని వివరించండి" అంది పెద్దచెవి.

"లేదండి."

"అయితే మరొకటి వివరించండి."

"అదీ లేదండి."

ఇందుమతిగారు జాలిపడింది. "చిన్నదైనా పర్వాలేదమ్మా. ఏదో ఒకటి గుర్తు తెచ్చుకో."

"నా లాకులో ఏమీ జరగలేదండి. నేనొచ్చిన కాణ్ణుంచీ ఏమీ జరగలేదు."

"ఏమీ జరగని చోట మనిషి అవసరం తేలడం లేదు" అంది రేకు. "ఇదే గట్టు మీద ఇతరులు అనేక ప్రమాదాలు నివేదించారు. మీరు దాస్తున్నారని భావించవలసి వస్తోంది."

నూకాలు నోరు తెరిచింది. "ఒక తిమింగలం..." అంది. ఆ తిమింగలం గనక బయటికొస్తే ఆమె ఉద్యోగం నిలబడేది, గట్టు పోయేది. ఆమె గోడ కిందికి చూసి, "ఇక్కడ సెమ్మ ఎక్కింది, సూసుకోండి" అని, ఆఫీసరమ్మ వైపు తిరిగింది.

"అమ్మా, ఆ తిమింగలాలన్నీ ఈయనియ్యే. మావోళ్ళకి సొంతంగా సెప్పుకునే నోరు లేదు. ఈయన దగ్గర అద్దెకి తెచ్చుకున్నారు. ఈయన్నడగండి."

కిటికీల్లో తలకాయలు ఒక్కసారి కిందికి పోయాయి.

"రుజువు" అంది రేకు.

నూకాలు కుర్చీలోంచి లేచి నా భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. ఇంతమందిని ఆ కుర్చీకి తయారుచేసినవాణ్ణి, అందులో కూర్చోవడం అదే మొదలు. మెత్తగా ఉంది. అందులో కూర్చుంటే ఎవరికైనా గొప్పలు పోవాలనే అనిపిస్తుంది.

"మీ నైపుణ్యం?"

"జరగనిది జరిగినట్టు చెప్పడమండి. ఈ పక్కల నన్ను మించినవాడు లేడు." కుర్చీ మహిమ కాదు, అది నిజమే.

"నిరూపించండి."

నిరూపించాను. తిమింగలం మూడో లాకుకు ఏ మూలనుంచి వచ్చిందో, ఐదో లాకావిడ వీపు మీద ఎంత బరువు పడిందో, ఎనిమిదో లాకతను సుడిగుండంలో ఏ దేవుణ్ణి తలుచుకున్నాడో, వాళ్ళు చెప్పినవీ, చెప్పడం మరిచినవీ, అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాను. తిమింగలానికి ఒక పిల్లను కూడా పుట్టించాను. ఇందుమతిగారు తల ఊపడం మాని నవ్వడం మొదలుపెట్టింది.

"'గాలి అత్తగారిలా వచ్చి తలుపు తట్టింది.' ఈ వాక్యం ఒక్క నివేదనలో తప్ప అన్నింట్లోనూ ఉంది" అంది పెద్దచెవి.

"అది నాదేనండి."

రేకు కాసేపు గుయ్‌మంది.

"ఆ వాక్యం ఉన్న నివేదనలు కొట్టివేశాం. గట్టు పటిష్టంగా ఉంది. తరలింపు ఆజ్ఞ రద్దు. వక్తలు సమర్థంగా మాట్లాడినందున వారి ఉద్యోగాలు కొనసాగుతాయి."

అబద్ధాలని తేల్చి, ఉద్యోగాలు ఉంచింది. ఇంత మంచి యంత్రాన్ని నేనెక్కడా చూడలేదు. నూకాలు చెంగుతో మొహం తుడుచుకుంది. అక్కడితో ఆగితే బాగుండేది.

"మిగిలిన ఒక్క ప్రమాదం తొమ్మిదో లాకులో జరిగింది. గట్టు మీద నిజంగా ప్రమాదాన్ని ఎదుర్కొన్న ఏకైక వ్యక్తిగా అబ్బులుగారిని ఉత్తమ లాకు మనిషిగా గుర్తిస్తున్నాం. ఆయనను తొమ్మిదిలోనే ఉంచుతాం. అక్కడ అనుభవజ్ఞుల అవసరం ఉంది."

అబ్బులు లేచి దండం పెట్టాడు. మేకను తేలేదు. అది ఎప్పుడో కూరైపోయింది.

"ఏడో లాకుకు నియమితులైనవారు బుల్లబ్బాయిగారు."

"నేను అభ్యర్థిని కాదండి" అన్నాను.

"అభ్యర్థి కుర్చీలోంచి మాట్లాడారు. ప్రమాదం, చర్య, ఫలితం క్రమం తప్పకుండా చెప్పారు."

"అవన్నీ అబద్ధాలని ఇప్పుడే కదండీ కొట్టేశారు."

"కథలు అబద్ధం. నైపుణ్యం నిజం."

ఇందుమతిగారి వైపు చూశాను. ఆవిడ మళ్ళీ తల ఊపుతోంది.

బయట ఎవరూ కేరింతలు కొట్టలేదు. దాటిపోయిన గండం ఊసు ఎత్తకూడదు గదా. ఎండుచేపల గురించి మాట్లాడుకుంటూ ఇళ్ళకు పోయారు. నూకాలు మాత్రం మెట్ల మీద కూర్చుండిపోయింది. గట్టు నిలబెట్టి, లాకు పోగొట్టుకుంది.

నవమి

నియమాల కాగితం పొద్దుటినుంచి తిరగేశాను. లాకు అధికారి తనకొక సహాయకురాలిని పెట్టుకోవచ్చు. సహాయకులకు ఇంటర్వ్యూ లేదు. పని చేసేవాళ్ళకు ఇంటర్వ్యూ ఎందుకని కాబోలు.

వెళ్ళి నూకాలుతో చెప్పాను. మూటలు కడుతోంది.

"నీ కింద పని సేయాలా నేను?"

"నా కింద కాదు, నా బదులు. ఇల్లు నీదే. నేను టార్పాలిన్ వదిలి రాను."

"తలుపు దించడానికి సక్రం ఎటు తిప్పాలో తెల్సా నీకు?"

"తెలీదు."

"అయితే ఎప్పుడూ తెలుసుకోకు" అని మూట విప్పింది.

పౌర్ణమి

పెద్ద పోటు. పొద్దు వాలేవేళకు వస్తుంది. మధ్యాహ్నమే లాకు దగ్గరికి వెళ్ళాను. మెట్ట నుంచి పంపిన కొత్త తెల్ల పంచె కట్టుకుని, మెడలో బిళ్ళ వేసుకుని. నూకాలు నన్ను మూలనున్న స్టూలు మీద కూర్చోబెట్టింది.

"నువ్వు అధికారివి బాబాయ్. అధికారి ఏదీ ముట్టుకోకూడదు."

"మాట్లాడొచ్చా?"

"వద్దంటే ఆపుతావేటి? టీ ఎట్టు."

కుండ కింద పలక తిప్పి, నీళ్ళు పెట్టాను. నీళ్ళు మరగకముందే మొదలైంది.

బహుళ పాడ్యమి

పొద్దున్నే ఎండపలకలు తుడిచాను.

లాకు చక్రానికి ఒక చువ్వ లేదు. నూకాలు కుడిచేతికి మోచేతి దాకా గుడ్డ చుట్టి ఉంది. ఎడమచేత్తో గొలుసుకు గ్రీజు రాస్తోంది. నా కొత్త పంచె తలుపు గాడి సందులో ఉంది. అది అక్కడికి ఎలా వెళ్ళిందో రాయను. రాయడమూ చెప్పడమే.

దిగువన కుండలు మరుగుతున్నాయి. ఎవరో బట్టలు ఉతుకుతున్నారు. ఎవరింట్లోనో చేప వేగుతోంది. వాళ్ళెవరికీ ఏమీ తెలియదు.

అబ్బులు శాలువా కప్పుకుని అటుగా వచ్చాడు. "సేతికేటే ఆ కట్టు?" అని అడిగాడు.

"సేప గీరింది" అంది నూకాలు, తలెత్తకుండానే. వాడు నమ్మి వెళ్ళిపోయాడు.

జన్మంతా చూడనివాటిని చూసినట్టు చెప్పి, రొయ్యలు తిన్నాను. ఇప్పుడు ఒకటి చూశాను, నా రెండు కళ్ళతో. ప్రమాదం, చర్య, ఫలితం, మూడూ ఉన్నాయి. నేను కట్టిన తిమింగలాలన్నీ దాని ముందు చేపపిల్లలు. గొంతులో ముల్లులా అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. టీ తాగి చూశాను. పోలేదు.

లాకు గోడలో పెద్దచెవి తాలూకు చిన్న రేకు గుయ్‌మంది.

"ఏడో లాకు అధికారిగారూ, నిన్నటి పోటు సమయంలో మీకు ఎదురైన సవాళ్ళను వివరించండి."

నూకాలు గ్రీజు రాయడం ఆపి నా వైపు చూసింది.

"ఏమీ జరగలేదండి" అన్నాను.

"మీ స్థాయి వ్యక్తి నుంచి మరింత ప్రభావవంతమైన సమర్పణ ఆశించాం."

"ఆయ్" అన్నాను.

నూకాలు వచ్చి నా స్టూలు కోడు పట్టుకుని ఊపి చూసింది.

"ఇది ఊగుతుంది బాబాయ్. లే."

లేచి, మేకులు అందించాను.